మేము ఇసుక పోసిన చోటు

ఆ కబురు మా ఇంటికి మొదట తెచ్చింది చేపలమ్మే అక్క. జువ్వలదిన్నె నుంచి తట్ట నెత్తిన పెట్టుకుని, రోజూ అన్ని ఇళ్ళకంటే ముందు మా పెరటి తలుపు దగ్గరికే వచ్చేది. ఆ ఉదయం తట్ట దించలేదు. ముసురులో తడిసిన కొంగు పిండుకుంటూ, "అమ్మా, సారు ఉండాడా? సమాధుల తోటలో మీ చోటు తవ్వతా ఉండారు," అన్నది.

"మా చోటేంది? ఎవరు పోయినారు?"

"సున్నపామె. రాత్రి పోయిందంట. మీకు తెలీదా?"

తెలియదు. మూడు రోజులుగా వాన, ఎవరూ బయటికి పోలేదు. మా వారు లోపల కాఫీ తాగుతున్నారు. గ్లాసు కింద పెట్టి, ట్రంకుపెట్టె తెరిచి ఒక కాగితం తీసి జేబులో పెట్టుకున్నారు. గొడుగు పట్టుకుని ఆయన ముందు, తలమీద గోనెపట్టా వేసుకుని నేను వెనక, బయలుదేరాము.

నయాపైసలు వచ్చిన కొత్త అది. మా వారు కాలువ లాకుల దగ్గర గుమాస్తాగా ముప్పై ఏళ్ళు చేసి, పెన్షను పుచ్చుకుని, మేము ఈ ఊరికి తిరిగి వచ్చి మూడేళ్ళయింది. ఇక్కడ మాకు ఇల్లూ లేదు, పొలమూ లేదు. మా బిడ్డ ఉంది. నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఆయన ఉద్యోగం ఈ లాకు దగ్గరే. మాకు కలిగిన ఒక్క బిడ్డ పదకొండో నెలలో జ్వరం వచ్చి పోయింది. ఆరు నెలలకు బదిలీ అయింది. ఇరవై ఆరేళ్ళు ఊళ్ళు తిరిగాము.

తిరిగి వచ్చిన మర్నాడు భయపడుతూనే సమాధుల తోటకు పోయాను. ఈ తీరంలో గాలికి దిబ్బలే చోటు మారతాయి, చంటిబిడ్డ సమాధి ఎక్కడ మిగులుతుంది? కాని మిగిలింది. చుట్టూ ఇసుక మేటలు వేసి ఉంటే అదొక్కటే తెల్లగా, సున్నం కొట్టి ఉంది. నేను అక్కడే మోకరించి దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను. మా నాయన నన్ను బడికి పంపలేదు గాని, ఇంట్లోనే వాక్యం చదివిస్తూ అక్షరాలూ ప్రార్థనా రెండూ ఒక్కసారే నేర్పాడు. అందుకని నాకు ఏ మేలు కనిపించినా ముందు నోటికి వచ్చేది స్తోత్రమే. ఆ రోజు మొదలు నా ప్రార్థనలో, బిడ్డ గుర్తును నిలిపినందుకు అన్న మాట తప్పిపోలేదు.

సంఘపెద్దల్ని అడిగి, బిడ్డకు ఈ పక్కా ఆ పక్కా మా ఇద్దరికీ చోటు ఉంచినట్టు మా వారు కాగితం రాయించుకున్నారు. చుట్టూ రాళ్ళు పాతారు. ఆ తోటంతా పల్లం. వానాకాలం మోకాలిలోతు తవ్వితే నీరు పడుతుంది. అందుకని రోజూ పొద్దున్నే చిన్న గంపతో కాలువగట్టు నుంచి ఇసుక మోసి, ఆ రెండు చోట్లా పోసి మెరక చేశారు. పెన్షను తీసుకున్న మనిషికి పొద్దు గడవాలి గదా. దారిన పోయేవాళ్ళు "ఏం సారూ, ఇల్లు కడతా ఉండావా?" అని అడిగితే, "ముప్పై ఏళ్ళు నీళ్ళ పక్కన బతికినా. పోయినాకన్నా పొడిగా పడుకోనీండి," అనేవారు.

సున్నపామె కాలువ అవతల మనిషి. మొగుడు పోయాక ఇవతలి గట్టుమీద గుడిసె వేసుకుని, ఉప్పుటేట్లో గుల్ల ఏరి, చిన్న బట్టీలో కాల్చి సున్నం అమ్మేది. ఏటా సమాధుల పండుగకు ముందు ఆమె దగ్గరే సున్నం తీసుకునేవాళ్ళం. ఆదివారం గుడికి వచ్చేది గాని, లోపలికి రాకుండా మెట్లమీద కూర్చునేది. బాప్తిస్మం తీసుకోమని ఎవరైనా అంటే, "నీళ్ళలో ముంచేదే గదమ్మా? నేను పొద్దస్తమానం ఏట్లోనే ఉంటా. నాకది ఎన్నిసార్లయిందో మీ దేవుడికే తెలియాల," అని నవ్వేది.

మేము చేరేసరికి, మా కోసం ఉంచుకున్న చోట బిడ్డకు కుడిపక్కన, తోట కాపరి నడుములోతు గుంటలో ఉన్నాడు. పాస్టరుగారు తాటాకు గొడుగు కింద నిలబడ్డారు. సున్నపామెను చాపలో చుట్టి కాపరి పాక చూరు కింద పడుకోబెట్టారు.

"ఎవరు తవ్వమన్నారు?" అన్నారు మా వారు.

"నేనే," అన్నారు పాస్టరుగారు. "మీ ఇంటికి రాబోతున్నాను. కాలువ పొంగింది, పడవ పోవడం లేదు. అవతల ఆమె తాలూకు వాళ్ళెవరైనా ఉన్నా కబురు పంపే దారి లేదు. ఇంకో పూట ఉంచే స్థితిలో లేదు."

కాపరి నుదురు తుడుచుకున్నాడు. "మూడు చోట్ల తవ్వి చూసినా సారూ. మూడూ బావులే. పొడిగా ఉండేది ఇదొక్కటే."

"పొడిగా ఎందుకుండాదో నీకు తెలీదా? ఆ ఇసుక యాడనించి వచ్చింది?" మా వారు జేబులోని కాగితం తీశారు. "పెద్దల సంతకాలుండాయి. ఆమె పేరు మన రిజిస్టరులో కూడా లేదు."

పాస్టరుగారు వాదించలేదు. "మీరు వద్దంటే పూడ్పిస్తాను. నీళ్ళలోనే దించుదాం," అన్నారు.

మా వారు నా వైపు చూశారు. నేను బిడ్డ సమాధి వైపు చూశాను. భక్తిగలదాన్నని ఊళ్ళో నలుగురూ అనుకుంటారు. నిజం చెప్పాలంటే ఆ నిమిషంలో నా మనసులో దేవుడు లేడు, చాపలో ఉన్న మనిషీ లేదు. ఆ రెండు మూరల నేల పోతే మా ఇద్దరిలో ఒకరు బిడ్డకు దూరమవుతాము. అదొక్కటే ఉంది. ఎవరిదీ కాని ఇసుకను మోసి తెచ్చి, ఎవరిదీ కాని నేలమీద పోసి, మాది అనుకున్నాము. అప్పుడు ఆ ఆలోచన రాలేదు.

కాపరి పార గుచ్చి పైకి చూశాడు. "ఒక మాట సారూ. కోపం చేసుకోబాకండి. మీరు ఊళ్ళు తిరిగినన్నాళ్ళూ ఈ బిడ్డకు సున్నం ఎవరు కొట్టినారనుకున్నారు?"



"ఏటా పండగకు ముందొచ్చేది. ఇసుకంతా చేత్తో తోసి సున్నం పూసేది. ఎందుకుమే నీకీ పని అని అడిగినా. బట్టీ అడుగున మిగిలింది పారబోసేదే గదా, పిల్లకు పూస్తే ఏం బోయె అన్నాది. మీరొచ్చినాక మానుకున్నాది. తల్లొచ్చింది, ఇంక నా పని లేదు అన్నాది."

ఆ మూడేళ్ళూ ఆమె మా పెరట్లోకి వచ్చి సున్నం పోసిపోయింది. ఒక్కనాడూ నోరు విప్పి చెప్పలేదు. ఒక ఏడు సున్నంలో గుల్ల ముక్కలున్నాయని నేను కసురుకున్నాను కూడా. "ఈసారి జల్లించి తెస్తాలేమ్మా," అని తట్ట ఎత్తుకుని పోయింది.

  మా వారు గుంట అంచుకు వెళ్ళి, గొడుగును తనమీద నుంచి తీసి గుంటమీద పట్టారు. రెండో చేతిలోని కాగితం వానకు తడుస్తున్నా చూసుకోలేదు.

"కానీ," అన్నారు. "గోడలు జారకుండా చూసి తవ్వు."

పాస్టరుగారు రిజిస్టరులో రాయడానికి ఆమె పేరు అడిగితే, అక్కడున్న ఎవరికీ తెలియలేదు. 'సున్నపామె' అనే రాశారు.

ఇంటికి వచ్చాక కాగితం ఆరేశాను గాని సిరా అంతా అలుక్కుపోయింది. ఆయన మళ్ళీ రాయించుకోలేదు. నేను ప్రార్థనకు కూర్చుంటే పాత మాట నోట్లో ఆగిపోయింది. ఇన్నాళ్ళూ చెప్పిన స్తోత్రం వృథా పోలేదనే నా నమ్మకం. దేవుడు ఆమె చేతులతోనే ఆ పని చేశాడు. కాని ఆ చేతులు నా గుమ్మంలోకి వచ్చినప్పుడు వాటికి చెప్పవలసిన మాట నేను చెప్పలేదు. ఆ లోటు దేవునికి చెప్పుకున్నా తీరలేదు.

వారం తర్వాత పొద్దున కాఫీ తాగుతూ మా వారు అన్నారు: "మిగిలిన చోటు నువ్వు తీసుకో. నేను బిడ్డ కాళ్ళ దిక్కున ఉంటా."

"అక్కడ పల్లం. మీకేమో పొడిగా ఉండాలంటిరి."

"ఎండాకాలం చూసుకుని పోతాలే."

ఆ పల్లంలోనూ ఓపిక ఉన్నన్నాళ్ళు ఇసుక పోశారు. అది ఒక వరుసకు రాకముందే మోకాళ్ళు పట్టేశాయి. ఆరేళ్ళ తర్వాత, అన్నట్టే, రోహిణి ఎండల్లో పోయారు. కాపరి ముసలివాడైపోయాడు, అయినా తనే తవ్వి వచ్చి, "నిలువులోతు తవ్వినా తేమ లేదమ్మా," అని చెప్పాడు. ఆ మాట విని ఏడుపులోనే స్తోత్రం చెప్పుకున్నాను.

ఇప్పుడు ఏటా మూడు సమాధులకూ సున్నం కొడుతున్నాను. గట్టుమీద బట్టీ లేదు. సున్నం బుచ్చిరెడ్డిపాలెం నుంచి బస్తాలో వస్తుంది, అంత తెలుపు రాదు. ముందు ఆమెకు, తర్వాత బిడ్డకు, చివర ఆయనకు. నేనూ వెళ్ళాక ఈ పని చేసేవాళ్ళెవరూ లేరు, ఆ ఇసుక ఎటు పోతే అటు పోతుంది. నన్ను తలుచుకోమని అడగను. మా వారిని మా బంధువులు తలుచుకుంటారు. ఆమెకు మాత్రం ఎవరూ లేరు, పేరు కూడా మిగలలేదు. ఇది చదివినవారు ఎప్పుడైనా గోడకు సున్నం కొట్టే వేళ, మా బిడ్డను ఇరవై ఆరేళ్ళు ఇసుకలో కలిసిపోకుండా కాచిన ఆ సున్నపామెను ఒక్కసారి తలుచుకోండి.