ప్లగ్గుకి జ్వరం చూసిన ఆంటీ

మా ఇంటి ఆంటీ పోయారన్న కబురు నాకు మొక్కల మధ్య నిలబడి ఉండగా తెలిసింది. పొద్దున్న ఏడు దాటింది. ఆసుపత్రి నుంచి అంకుల్ ఫోన్ చేశారు.

"లైట్లు వెలిగాయామ్మా?"

"వెలిగాయి అంకుల్. ఎనిమిదీ వెలిగాయి."

"ప్లగ్గు చూశావా?"

"చూశాను. చల్లగానే ఉంది."

"సరే. మీ ఆంటీ ఇందాకే పోయింది. నిన్నటి నుంచీ ఈ మాట కనుక్కోమని నా ప్రాణం తీసింది. పొద్దున్న అడుగుదాంలే అన్నాను."

ఆ తర్వాత చాలాసేపటిదాకా ఎవరమూ ఫోన్ పెట్టేయలేదు.

ఆంటీ నాకు బంధువు కారు. చదువు కోసం అమెరికాలోని అరోరా వచ్చినప్పటి నుంచీ, చదువయ్యాక కూడా, వాళ్ల ఇంటి కింద బేస్‌మెంట్‌లో అద్దెకుంటున్నాను, అంతే. మా ఇంట్లో బడి మొహం చూసిన మొదటిదాన్ని నేనే. అమ్మ బీడీలు చుట్టి చదివించింది. నేను ఎలక్ట్రికల్‌లో మాస్టర్స్ చేస్తున్నానని తెలిసినప్పటి నుంచీ ఆంటీ గుడిలో అయినా, ఇండియన్ స్టోర్‌లో అయినా నన్ను "మా ఇంటి ఇంజినీరు" అనే పరిచయం చేసేవారు. ఆవిడ చదివింది పదో తరగతి. ఇక్కడికొచ్చాక కరెంటు ప్యానెళ్లు తయారుచేసే ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్లు పనిచేసి రిటైరయ్యారు. మా ఇద్దరిలో ఇంజినీరు ఎవరో నాకు మొదటి చలికాలంలోనే తెలిసిపోయింది.

బేస్‌మెంట్‌లోనే, నా గది పక్కన, వాళ్లు బట్టలుతుక్కునే లాండ్రీ గదిలో పదకొండు కరివేపాకు కుండీలు, నాలుగు గోంగూర, ఒక మల్లె ఉండేవి. ఎండాకాలం అవన్నీ బయట డెక్ మీద, అంటే చెక్క అరుగు మీద. అక్టోబర్ రాగానే లోపలికి. పైన ఎనిమిది లైట్లు. వీడియో కాల్‌లో మా అమ్మ అవి చూసి ఆశ్చర్యపోయింది.

"చెట్లకు కరెంటు పెడుతున్రా? ఆడ సూర్యుడు లేడా బిడ్డా?"

"ఉన్నాడమ్మా. చలికాలం పనిచెయ్యడు."

అప్పట్లో ఎనిమిది లైట్లూ పవర్ స్ట్రిప్‌లు తగిలించి ఒకే మామూలు సాకెట్ మీద నడిచేవి. ఆ లైను మీదే ఫ్రీజర్ కూడా ఉంది. ఫ్రీజర్ మోటారు తిరగ్గానే బ్రేకర్ పడిపోయి కరెంటు ఆగిపోయేది. ఆంటీ టార్చ్ పట్టుకుని దిగి వచ్చి, దాన్ని మళ్లీ లేపి వెళ్లేవారు. ఇంజినీరునైన నేను ఊరుకోలేకపోయాను. పక్కనే బట్టలారబెట్టే డ్రయ్యర్ సాకెట్ ఉంది. ఇక్కడి మామూలు సాకెట్‌కి రెట్టింపు, రెండొందల నలభై వోల్టులు, ముప్పై ఆంప్స్. కాగితం మీద గుణించాను. ఏడు వేల రెండొందల వాట్లు. ఆన్‌లైన్‌లో ఒక అడాప్టర్ తెప్పించాను. ఒక కొస డ్రయ్యర్ సాకెట్‌లోకి వెళ్తుంది, రెండో కొసకి నాలుగు మామూలు సాకెట్లుంటాయి. తీసుకెళ్లి కానుకలాగా ఆంటీ చేతిలో పెట్టాను.

ఆవిడ కళ్లజోడు పెట్టుకుని దాన్ని అటూ ఇటూ తిప్పి, పుచ్చు వంకాయని చూసినట్టు చూశారు.

"దీనికి బ్రేకర్ ఏదే?"

"మెయిన్ ప్యానెల్‌లో ఉందిగా ఆంటీ. ముప్పై ఆంప్స్."

"అదే నేను చెప్పేది. లైటు తీగ సన్నది. దాన్లో ఏదైనా తేడా వచ్చిందనుకో, ఇరవైకే కాలిపోతుంది. ప్యానెల్‌లో ఉన్నాయన ముప్పై దాటితే గానీ నిద్ర లేవడు. ఈలోపు మనం లేస్తామా?"

"నా లెక్క కరెక్టే ఆంటీ."

"కరెక్టే. ఆ తీగ నీ లెక్క చదువుకోలేదు."

అడాప్టర్ మర్నాడే వెనక్కి వెళ్లిపోయింది. దాని బదులు ఆంటీ ఒక పెట్టె తెప్పించారు. డ్రయ్యర్ సాకెట్ నుంచి వచ్చిన కరెంటుని అది విడదీసి మామూలు సాకెట్లకిస్తుంది. ప్రతి వరసకీ సొంతంగా ఒక చిన్న బ్రేకర్ ఉంది. వెనక టెస్టింగ్ ల్యాబ్ ముద్ర ఉందో లేదో చూశాకే డబ్బా విప్పారు. అప్పుడైనా ప్లగ్గు పెట్టలేదు. లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్‌ని పిలిచారు.

"మీకు తెలియందేముంది ఆంటీ, మనమే పెట్టేసుకోవచ్చుగా?" అన్నాను.

"పెట్టె సంగతి నాకు తెలుసు. గోడ లోపల ఏముందో నేను చూశానా?"

ఎలక్ట్రీషియన్ వచ్చాడు. మూసిన గది, ఎనిమిది లైట్లు, టైమర్లు. "ఏం పెంచుతున్నారు మేడమ్?" అని చాలా మర్యాదగా అడిగాడు. ఆంటీ ఒక రెమ్మ తుంచి, నలిపి, అతని ముక్కు కింద పెట్టారు. రెండుసార్లు వాసన చూశాడు. గంజాయి కాదని కొంచెం నిరాశపడ్డట్టే అనిపించింది. సాకెట్, వైర్లు అన్నీ విప్పి చూసి బాగున్నాయన్నాడు. "ఒక్క సాకెట్ మీద ఇంత బరువు పెట్టకూడదని కనిపెట్టింది మా ఇంజినీరే" అని ఆంటీ నన్ను చూపించారు. అడాప్టర్ మాట అతనికే కాదు, ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదు. వెళ్తుంటే అతని చేతిలో ఒక కట్ట కరివేపాకు పెట్టి, సూప్‌లో వేసుకోమన్నారు. నెల తిరక్కుండానే అతను ఫోన్ చేశాడు. వైర్ల గురించి కాదు, ఇంకో కట్ట ఉందా అని.

మీలో ఎవరైనా ఇలాంటి పని తలపెడితే ఆంటీ చెప్పిన మాటలు వినండి. గంటల తరబడి వెలిగే వాటికి ముప్పై ఆంప్స్ అని రాసి ఉంటే ఇరవై నాలుగు అని చదువుకోవాలి. మా లైట్లు అందులో సగం కూడా లాగవు. ఇంకా చాలా ఖాళీ ఉంది, మరో ఎనిమిది పెడదామని నేనంటే, "ఖాళీ ఉంది కదాని బస్సులో పడుకుంటామా?" అన్నారు. పెట్టె నేల మీద ఉండకూడదు, గోడకి ఎత్తులో ఉండాలి. ప్రతి తీగా ముందు కిందికి వేలాడి, తర్వాత పైకి లేచి సాకెట్‌కి చేరాలి. అప్పుడు కుండీ నీళ్లు పొరపాటున జారినా ఆ వంపు దగ్గరే చుక్కలుగా రాలిపోతాయి. "కరెంటుకి మొహమాటం లేదు. మనం కూడా దానితో మొహమాటపడకూడదు" అనేవారు.

రోజూ లైట్లు వెలిగిన గంటకి వచ్చి, పసిపిల్లల నుదురు చూసినట్టు ప్లగ్గు మీద చేతి వెనక భాగం ఆనించేవారు. "జ్వరం లేదు" అనేసి పైకి వెళ్లి కాఫీ పెట్టుకునేవారు. ఒకసారి కొంచెం వెచ్చగా తగిలింది. వెంటనే బ్రేకర్ దించేశారు. సాకెట్ పాతబడి వదులైందని తేలింది. కొత్తది బిగించేదాకా రెండు రోజులు మొక్కలు చీకట్లోనే ఉన్నాయి. ఆ రెండు రోజులూ ఆవిడ కాఫీ కూడా తాగలేదు.

ఈ ఏర్పాటులో నష్టపోయింది అంకుల్ ఒక్కరే. సాకెట్ ఒకటే కాబట్టి లైట్లు పెట్టాలంటే డ్రయ్యర్ ప్లగ్గు తీయాలి. అక్టోబర్ నుంచి ఏప్రిల్ దాకా డ్రయ్యర్ నారు కుండీలు పెట్టుకునే బల్ల. బట్టలన్నీ నా గది బయట దండెం మీదే ఆరేవి. టవళ్లు అప్పడాల్లా తయారయ్యేవి.

"ఏమేవ్, ఒళ్లు తుడుచుకుంటుంటే రంపంతో కోసినట్టుంది."

"ఒంట్లో రక్తం బాగా పారుతుందండీ. ఏప్రిల్ దాకా ఓర్చుకోండి."

మే నెలలో డ్రయ్యర్‌కి ప్లగ్గు తిరిగి రాగానే అంకుల్ ఉతికినవీ, ఉతకనివీ అన్నీ అందులో వేసి తిప్పేవారు.

ఆంటీ పోయింది ఫిబ్రవరిలో. పదకొండో రోజుకి ఇల్లు చుట్టాలతో నిండింది. ముందు రోజు సాయంత్రం రెండు బుట్టల తడి టవళ్లు తేలాయి. కమ్మింగ్ అనే ఊరి నుంచి వచ్చిన అంకుల్ చెల్లెలు అవి చూసి అంది.

"అన్నయ్యా, ఆ లైట్లు తీసేసి డ్రయ్యర్ పెట్టు. వదినే పోయాక ఆ మొక్కలెవరు చూస్తారు? నువ్వు ఒక్కరోజైనా నీళ్లు పోశావా?"

ఆ మాటలో అబద్ధం లేదు. అంకుల్ బుట్ట ఎత్తుకుని కిందికి దిగారు. నేను రెండో బుట్టతో వెనకే వెళ్లాను. నేను పోస్తాను అంకుల్ అందామనుకున్నాను. కానీ అది వాళ్ల ఇల్లు, ఆయన సాకెట్. ఆరేళ్లుగా ఆయన ఎదురుచూసిన మెత్తటి టవల్.

అంకుల్ డ్రయ్యర్ మీది నారు కుండీలు చూశారు. ప్లగ్గు దాకా వెళ్లి చెయ్యి చాపారు. నేను తల తిప్పుకున్నాను.

"చల్లగానే ఉందమ్మా" అన్నారు. చూస్తే, ఆయన చేతి వెనక భాగం ప్లగ్గు మీద ఆని ఉంది. "జ్వరం లేదు."

తర్వాత ఇద్దరం కలిసి టవళ్లన్నీ దండెం మీద ఆరేశాం. మర్నాడు కర్మకు వచ్చినవాళ్లందరం ఆ అప్పడాలతోనే కళ్లు తుడుచుకున్నాం.