ఐలన్న పెట్టిన పేరు

మా ఐలన్నకు మనుషులను వాళ్ల పేర్లతో పిలవడం చేతకాదు. మిర్యాలగూడలో మా బియ్యం మిల్లుకు ఆయన హమాలీల మేస్త్రీ. కొత్తమనిషి గేటు దాటి కాంటా దగ్గరికి వచ్చేలోగా ఐలన్న అతనికో పేరు పెట్టేసేవాడు. ఆ పేరు ఇక కడిగినా పోదు.

ఏది అడిగినా రేపు చూద్దామనే మా షావుకారు 'రేపయ్య'. ఒకసారి బ్యాంకువాళ్లు కూడా ఫోన్ చేసి రేపయ్యగారున్నారా అని అడిగారు. ఎప్పుడూ సగం చాయే తాగే గుమస్తాను కాబట్టి నేను 'సగం సారు'. నా పెళ్లిపత్రిక చూశాకే నాకో అసలు పేరుందని ఊరికి తెలిసింది.

ఇన్ని పేర్లు పెట్టిన ఐలన్నకు మాత్రం ఎవరూ పేరు పెట్టలేకపోయారు. మేం ప్రయత్నించకపోలేదు, ఒక్కటీ అతకలేదు. "నాకు పేరు పెట్టేటోడు ఇంక పుట్టలే" అంటూ వేపపుల్లతో తోమిన తెల్లటి పళ్లన్నీ చూపించేవాడు.

రెండువేల ఎనిమిదిలో రాజారత్నం, ఏసమ్మ అనే దంపతులు మిల్లు ఎదురుగా హోటలు పెట్టారు. మొదటిరోజే పులిహోర తింటున్న ఐలన్నకు పంటికింద కటుక్కుమంది. "రాళ్ల హోటలు" అన్నాడు. అందరం నవ్వాం.

వారం తిరిగేసరికి కోదాడ లారీవాళ్లు "రాళ్ల హోటలంటే ఇదేనా అండీ?" అని అడిగి మరీ పక్క హోటలుకు పోసాగారు. రాజారత్నం ఖాళీ బెంచీలను తుడిచి తుడిచి వాటికి మెరుపు తెచ్చాడు.

ఒక పొద్దున ఏసమ్మ మిల్లుకు వచ్చింది. నెలాఖరుకు హోటలు మూసేసి నేరేడుచర్ల పోతున్నామని నెమ్మదిగా చెప్పింది. ఐలన్న, తాను అన్నది ఒక్కసారేననీ, ఆ మాటను మోసింది ఊరేననీ అన్నాడు.

"మోసినోళ్లు ఎందరైనా కన్నది నువ్వే గదన్నా" అంది ఏసమ్మ. "రాయి మీ మిల్లు బియ్యంలది. పేరు నీది. పొయ్యి ఆరింది మాది."



మర్నాటి నుంచి ఐలన్న దాన్ని 'వెన్న హోటలు' అన్నాడు, 'మల్లెపూల హోటలు' అన్నాడు. మెచ్చుకునే పేరు ఏ ఊళ్లోనైనా అంటుకుంటుందా? "ఏది, రాళ్ల హోటలా?" అనేవాళ్లు జనం.

ఆదివారం పంటినొప్పి అని నన్ను తోడు తీసుకుని సూర్యాపేట పోయాడు. డాక్టరు ముందుపన్ను తట్టి చూసి, ఇంత గట్టి పన్నును ఎందుకు పీకాలన్నాడు.

"జర పీకు సారు. దీనితోని ఒకళ్లకు పని పడ్డది."

డాక్టరు నా వైపు చూశాడు. నేను గోడమీది క్యాలెండరు చూశాను. బాగా బతిమాలించుకున్నాకే పీకాడు.

సోమవారం ఐలన్న ఆ పన్నును కాగితంలో చుట్టుకొచ్చి మిల్లంతా చూపించాడు. "ఆనాడు కటుక్కుమన్నది రాయి గాదురా, నా పన్నే. ఇగో, ఇప్పుడు మొత్తం ఊడింది. ఉత్తపుణ్యానికి హోటల్ మీద ఏసిన."

జనానికి కావలసింది అదే. మధ్యాహ్నానికల్లా ఆయన 'తొర్రన్న' అయిపోయాడు. ఇన్నేళ్ల బాకీ కదా, ఆ సంబరంలో రాళ్ల సంగతి ఎవరికీ గుర్తులేదు.

ఏసమ్మ పొయ్యి ఆరలేదు. లారీవాళ్లు "తొర్రన్న తినే హోటలేదండీ?" అని వెతుక్కుంటూ వస్తున్నారు. ఆయన ముందు బెంచీలో కూర్చుని, వచ్చిన ప్రతివాడికీ తొర్రి చూపిస్తూ పులిహోర తింటున్నాడు.

డాక్టరు అన్న మాట ఏసమ్మకు చెప్పనా అని ఒకరోజు అడిగాను.

"తెప్పినవంటే నీకు ఇంకో పేరు పెడ్త, తగం తారూ" అన్నాడు.

పన్ను పోయి నత్తిగా మారిన ఈ పలుకుతో ఇక ఎవరికి ఏ పేరు పెట్టినా అంటుకోదులే అనిపించింది. ఆ ధైర్యంతో నేను చాయ్ మొత్తం తాగేశాను.