ఇంకే మందూ వాడటం లేదు సార్

దెయ్యాలూ భూతాలూ ఉన్నాయని నేను ఏనాడూ నమ్మలేదు. నమ్మకపోవడమే కాదు, నమ్మేవాళ్లను నిలబెట్టి దులిపేసే రకాన్ని. శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డునా, కాస్త లోపలగానూ ఉన్న నాలుగు ఊళ్లకు ఏఎన్ఎమ్‌గా పనిచేస్తున్నాను. టీకాలు వేస్తూ, గర్భిణుల బరువు చూస్తూ, ఈ సంగతి జరిగే నాటికే పదకొండేళ్లు ఆ ఇసుకలోనే తిరిగాను. మా వైపు ఎవరికైనా ఫిట్స్ వస్తే గాలి సోకిందంటారు. చేతిలో ఇనప తాళాల గుత్తి పెట్టి, తగ్గాక భూతవైద్యుడి దగ్గరికి తీసుకుపోతారు. ఆ గుత్తి లాగి అవతల పారేసి, ముందు మాత్రలు మింగించండని అరిచిన మనిషిని నేను.

ఇది చదివాక నన్నేమన్నా పడతాను. భయపడిన సంగతి చెప్పడం తేలికే. దాంతో పాటు సిగ్గుపడాల్సిన సంగతి కూడా చెప్పాలి కాబట్టే ఇన్నేళ్లు పట్టింది.

నా తమ్ముడు ఎర్రయ్యకు పంతొమ్మిదో ఏట ఫిట్స్ మొదలయ్యాయి. అమ్మా నాన్నా పోయాక మా ఇంట్లోనే ఉండేవాడు. నన్ను అప్పా అంటాడు. మా వైపు అక్కను అలాగే పిలుస్తారు. శ్రీకాకుళంలో పెద్ద డాక్టరుకు చూపించాం. పొద్దున ఒక మాత్ర, రాత్రి ఒక మాత్ర నా చేత్తోనే ఇచ్చేదాన్ని. రెండేళ్ల పాటు ఒక్కసారి కూడా ఫిట్స్ రాలేదు.

వాడికి ఒకటే ధ్యాస, ఫిట్స్ వల్ల మానేసిన చేపల వేటకు మళ్లీ వెళ్లాలని. ఇంకో ఏడాది ఇలాగే గడిస్తే అప్పుడు ఆలోచిద్దామని డాక్టరు గారు అన్నారు. బోటు మీద వాడి చోటు అంతవరకూ ఎవరికీ ఇవ్వనని మా చిన్నాన్న మాటిచ్చాడు. వాడు గోడ మీద క్యాలెండర్లో రోజులు కొట్టేసుకుంటూ, ఒడ్డున కూర్చుని వలలు బాగుచేసేవాడు.

హుద్‌హుద్ తుపాను వచ్చిన మరుసటి ఏడాది వాడికి నిద్ర పట్టడం మానేసింది. నిద్ర చాలకపోతే ఫిట్స్ తిరగబెడతాయని నాకు తెలుసు. అప్పుడు డాక్టరు దగ్గరికి వెళ్లి ఉంటే ఈ కథే లేదు. సరిగ్గా ఆ నెలలోనే నా మొగుడు ఓడ దిగి సెలవు మీద వచ్చాడు.

ఆయన ఓడలో వంటపని చేస్తాడు. ఫిజీ దీవుల నుంచి గోధుమ రంగు పొడి ఒకటి తెచ్చాడు. కావా అంటారట, ఏదో మొక్క వేరు దంచిన పొడి. గుడ్డలో మూటకట్టి నీళ్లలో పిసికితే బురదనీళ్లలా దిగుతుంది. తాగితే నాలుక తిమ్మిరెక్కి, ఒళ్లు తేలికై, నిద్ర ముంచుకొస్తుంది. అక్కడ ఒక ముసలాయన ఇచ్చాడట. ఆయన ముత్తాత మన జిల్లా మనిషేనట, చెరకు తోటల్లో పనికి ఓడెక్కి పోయి ఇక తిరిగి రాలేదట. మనవాళ్ల ఇంటికి తీసుకుపొమ్మని ఆ ముసలాయన పొట్లం చేతిలో పెట్టాడని చెప్పాడు.

"మందు గాదే, వేరు. సారా లాగ మత్తెక్కదు. నిద్దరొస్తాది, అంతే," అన్నాడు నా మొగుడు.

మొక్క వేరే కదా అనుకున్నాను. నేను చదివిన నాలుగు ముక్కలతో నాకే అంతా తెలుసనుకున్నాను. నిద్ర లేకపోతే ఫిట్స్ వస్తాయి, ఇది నిద్ర ఇస్తుంది, కాబట్టి మంచిదే. లెక్క ఎంత చక్కగా కుదిరిందో! రోజూ చీకటి పడే వేళకు అరగ్లాసు కలిపి ఇచ్చాను. నా మొగుడు తిరిగి ఓడెక్కేశాక కూడా ఇస్తూనే ఉన్నాను.

తమ్ముడు బాగా నిద్రపోయాడు. మరీ బాగా నిద్రపోయాడు. పొద్దున్నే లేవలేడు, లేస్తే తూలుతూ నడిచేవాడు. ఆ పొడీ మాత్రా కలిసి మత్తు ఎక్కువవుతోందని నాకు అర్థమైంది. పొడి ఆపాలి కదా? నేను మాత్ర తగ్గించాను. రాత్రి మాత్రను బ్లేడుతో రెండుగా కోసి సగమే ఇచ్చాను. మిగిలిన సగాలు ఖాళీ కాటుక డబ్బాలో వేశాను. పారేసి ఉంటే ఎన్ని రోజులో మరిచిపోయేదాన్నేమో. అవి పంతొమ్మిది.

ఆ పంతొమ్మిది రోజుల్లోనే రెండుసార్లు, గ్లాసు వాడి చేతికి ఇవ్వబోతుంటే, పెరట్లోంచి ఒక చప్పట వినిపించింది. మామూలు చప్పట కాదు. అరచేతులు గుంటగా పట్టి కొడితే బోలుగా వస్తుందే, ఆ చప్పుడు. మా వీధిలో అందరూ ఎండుచేపలు ఆరబెడతారు, కాకుల్ని తోలడానికి చప్పట్లు కొడుతూనే ఉంటారు. అదే అనుకున్నాను. చీకటి పడ్డాక కాకులెక్కడివని అప్పుడు నాకు తోచలేదు.

ఇరవయ్యో రోజు బుధవారం, టీకాల రోజు. మా ఊరికి నాలుగు కిలోమీటర్ల లోపలికి, వరి పండే ఊళ్లో అంగన్‌వాడీ గదిలో ఉన్నాను. ఉదయం పదకొండు కావస్తోంది. ఒక చంటిదాని తొడ దూదితో తుడిచి, సూది చేతిలోకి తీసుకున్నాను. నా కుడి చెవి వెనక, జానెడు దూరంలో, అదే బోలు చప్పుడు. ఒక్కటే.

వెనక్కి తిరిగితే గోడ. నా ఎదురుగా ముగ్గురు తల్లులు, ఆశా వర్కరు అమ్మాయి ఉన్నారు. ఎవరు కొట్టారని అడిగాను. ఎవరికీ ఏమీ వినపడలేదు.

పదకొండేళ్లలో ఎప్పుడూ చేయని పని ఆ రోజు చేశాను. సూది వేయకుండానే బిడ్డను తల్లి ఒడిలో పెట్టేసి, టీకాల డబ్బా ఆశా అమ్మాయికి అప్పజెప్పి స్కూటీ ఎక్కాను. ఎందుకని అడిగితే చెప్పలేకపోయేదాన్ని. ఇంటికి పోవాలి, అంతే తెలుసు.

పెరటి తలుపు తోసేసరికి తమ్ముడు వల ఉతకడానికి నింపిన పెద్ద టబ్బు మీద వంగి ఉన్నాడు. తల ఎత్తి నన్ను చూసి నవ్వాడు.

"ఏటప్పా, అప్పుడే వచ్చీసినావు?"

ఆ మాట పూర్తవుతూనే వాడి మూతి ఒక పక్కకు లాగేసింది. నిలువునా బిగుసుకుని, ముఖం నీళ్లలో పడేలా టబ్బులోకి కూలిపోయాడు. నేను ఆరడుగుల దూరంలో ఉన్నాను. చొక్కా పట్టి లాగి, నేల మీద ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టాను. ఇంట్లో ఇంకెవరూ లేరు. నేను అంగన్‌వాడీలోనే ఉండి ఉంటే ఏమయ్యేదో చెప్పక్కర్లేదు.

నా అరుపులు విని పక్కింటి పోలమ్మ పరిగెత్తుకొచ్చింది. బొడ్లో దోపుకున్న తాళాల గుత్తి తీసి వాడి గుప్పిట్లో కుక్కింది. దాన్ని నేను లాగెయ్యలేదు. ఆ రోజు నాకు ఆ ధైర్యం లేకపోయింది.

కొట్టుకోవడం ఆగింది. వాడి తల ఒళ్లో పెట్టుకుని ఊపిరి లెక్కపెడుతున్నాను. అప్పుడు నా వెనక, బట్టలుతికే రాయి దగ్గర, మూడు చప్పట్లు వినిపించాయి. నెమ్మదిగా, ఒకదాని తర్వాత ఒకటి. పోలమ్మ నా ఎదుటే ఉంది, రెండు చేతులతో వాడి కాళ్లు పట్టుకుని. రాయి దగ్గర ఎవరూ లేరు. పోలమ్మకు ఏమీ వినపడలేదు.

శ్రీకాకుళంలో డాక్టరు గారు రెండు ప్రశ్నలు అడిగారు. మాత్రలు సరిగ్గా వేస్తున్నారా? ఇంకేమైనా మందులు, నాటుమందుల్లాంటివి వాడుతున్నారా?

"రోజూ నేనే ఇస్తాను సార్. ఇంకే మందూ వాడటం లేదు సార్," అన్నాను.

ఏఎన్ఎమ్ అబద్ధమాడుతుందని ఆయన ఎందుకనుకుంటారు? రెండు మాత్రలూ వేస్తున్నా ఫిట్స్ వచ్చాయి కాబట్టి మోతాదు పెంచి, ఇంకో మాత్ర కూడా రాశారు. నేను తలూపి చీటీ తీసుకున్నాను. ఇంటికొచ్చి పొడి సముద్రంలో పారబోశాను. ఆ రాత్రి నుంచి కొత్త మాత్రలు మొదలుపెట్టాను.

ఊళ్లో అందరూ అమ్మోరే నన్ను ఇంటికి పంపిందన్నారు. ఔననలేదు, కాదనలేదు. కోడిని కోసి మొక్కు తీర్చారు, ఆ కూర నేనూ తిన్నాను.

ఎనిమిది నెలలకు నా మొగుడు మళ్లీ వచ్చాడు. ఏదో మాటల్లో అడిగినట్టు, ఆ పొడి తాగేటప్పుడు అక్కడ చప్పట్లేమైనా కొడతారా అన్నాను. ఆయన అన్నం కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది.

"తాగే కొబ్బరిచిప్ప అందుకునే ముందు ఒక సప్పట కొడతారే, చేతులు గుంటగా పట్టి. తాగీసినాక మూడు. నీకెవలు సెప్పినారు? నాను సెప్పలేదే."

నిజమే, ఆయన చెప్పలేదు. ఇంట్లో కలిపిన రోజుల్లో ఒక్కసారి కూడా కొట్టలేదు. ఎప్పుడో చెప్తే నేనే మరిచిపోయి ఉంటానని చాలా రోజులు నాకు నేను సర్దిచెప్పుకోవాలని చూశాను. కుదరలేదు.

అప్పుడు కూడా తమ్ముడికి నిజం చెప్పలేదు. ఇంకో ఏడాది గడిచింది. కొత్త మాత్రలకు వాడి వేళ్లు వణికేవి. ఒక మధ్యాహ్నం వల ముడి నాలుగుసార్లు తప్పి, పక్కన పడేశాడు.

"రెండు మాత్రలూ ఏసుకున్నా వచ్చీసినాది గదప్పా. ఇంక నాకు సముద్రం లేనట్టే. బోటు మీద నా సోటు ఎవలికైనా ఇచ్చీమని సిన్నాన్నకి సెప్పీసినాను."

లోపలికి వెళ్లి కాటుక డబ్బా తెచ్చి వాడి ముందు మూత తీశాను. పొడి సంగతి, బ్లేడు సంగతి, డాక్టరు గారితో ఆడిన అబద్ధం, చప్పట్లు, అన్నీ చెప్పాను. ఏడ్చాను కూడా. తిడతాడని, కొడతాడని చూశాను. వాడు ఆ సగాల్ని వేలితో కదుపుతూ ఉండిపోయాడు.

"సగమే ఇస్తన్నావని నాకు తెలుసప్పా. అదే సాలనుకున్నాను. నువ్వు ఇచ్చినాక నాను సూసుకోవాలా ఏటి?" అన్నాడు.

డబ్బాకు మూత పెట్టి మళ్లీ అన్నాడు. "ఆ రోజు టబ్బు కాడ సప్పట నాకూ వినబడ్డాది. ఒకటే. నువ్వే కొట్టినావనుకున్నాను. అందుకే తలెత్తినాను."

మర్నాడే ఇద్దరం శ్రీకాకుళం వెళ్లాం. అంతా డాక్టరు గారికి చెప్పాను. మీలాంటి వాళ్లే ఇలా చేస్తే ఎలాగమ్మా అన్నారు ఆయన. మాత్రలు నెమ్మదిగా తగ్గించారు. వాడి వేళ్ల వణుకు తగ్గింది. బోటు మీద చోటు మాత్రం అప్పటికే వేరేవాళ్లకు వెళ్లిపోయింది. వాడు ఇప్పటికీ ఒడ్డున కూర్చుని వలలే బాగుచేస్తున్నాడు.

ఆ చప్పట్లు ఎవరివో నాకు తెలియదు. సముద్రం దాటి పోయి తిరిగిరాని ఆ ఫిజీ ముసలాయన ముత్తాత అని నా మొగుడు అంటాడు, పోలమ్మ ఇప్పటికీ అమ్మోరే అంటుంది. దెయ్యాలున్నాయని నేను ఈ రోజుకీ అనను. కానీ అంగన్‌వాడీలో బిడ్డ తొడ మీద సూది పెట్టే ముందు ఒక్క క్షణం ఆగి, చెవి ఒగ్గి వింటాను. ఏమీ వినపడదు. ఆ రోజు నన్ను ఇంటికి పిలిచింది ఎవరైనా, నేను చేసిన పని తెలిసే పిలిచారు. అది తలుచుకుంటే ఇప్పటికీ తల ఎత్తలేను.