బిర్యానీ ఆపి ల్యాబ్ తెరిచిన మేడం

నిన్న పొద్దున కలెక్టరేట్‌లో ప్రెస్‌మీట్ మధ్యలో ఫోన్ మోగింది. స్వప్న. కట్ చేశాను.

వెంటనే మళ్లీ మోగింది.

"సార్, నస్రీన్ మేడం పోయిండ్రు. హార్ట్ ఎటాక్."

బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. ఆ ప్రెస్‌మీట్ వార్త నేను రాయలేదు.

మొన్న మధ్యాహ్నమే మేడం బస్టాండ్ దగ్గర నా బైక్ ఆపించి, ఎండలో తిరగొద్దని నన్ను కోప్పడ్డారు.

తెలియనివాళ్ల కోసం. నస్రీన్ మేడం మెదక్‌లో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరర్. స్వప్న ఆమె దగ్గర చదువుకున్న అమ్మాయి.

డిగ్రీ ప్రాక్టికల్స్ ఎట్లా జరిగేవో మనలో చాలామందికి తెలుసు. యూనివర్సిటీ నుంచి ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ వస్తారు. పిల్లలు చందాలేసుకుని బిర్యానీ పెడతారు. మధ్యాహ్నానికల్లా అందరికీ ఫుల్ మార్కులు. ల్యాబ్‌లో బ్యూరెట్ల మీది దుమ్ము కదలదు.

హెచ్‌ఓడీ అయిన మొదటి ఏడాదే ఆమె ఆ దావత్ ఆపేశారు. ఎక్స్‌టర్నల్‌కు చాయ్, రెండు బిస్కెట్లు. సాయంత్రం దాకా ఆయన్ను ల్యాబ్‌లోనే ఉంచి, ఒక్కొక్కరి చేత ప్రయోగం చేయించారు.

సగం క్లాసు ఫెయిల్.

రిజల్ట్ వచ్చాక తల్లిదండ్రులు కాలేజీ గేటు ముందు కూర్చున్నారు. అడ్మిషన్లు పడిపోతే కెమిస్ట్రీ గ్రూపే ఎత్తేస్తామని మేనేజ్‌మెంట్ చెప్పేసింది. నేను వార్త కోసం వెళ్లాను.

స్వప్న కూడా ఫెయిలైంది. వాళ్ల నాన్న నిజాంపేట రైతు. ఆయనే అడిగారు.

"అన్ని కాలేజీలల్ల ఏస్తున్నరు మేడం మార్కులు. మీ జేబులకెళ్లి ఇస్తున్నరా?"

అందరూ నవ్వారు. మేడం కూడా నవ్వారు.

"నా జేబుల లేవన్నా. మీ బిడ్డ చేతులల్ల ఉండాలె. రేపు కంపెనీల మందు టెస్ట్ చెయ్యమంటే, గక్కడికి గూడ బిర్యానీ పట్కపోతదా?"

ఆయన గేటు ముందు నుంచి లేచారు.

"గట్లయితే నేర్పుండ్రి."

నేర్పారు. సెలవుల్లో, ఆదివారాల్లో, రంజాన్ ఉపవాసంలో కూడా ల్యాబ్ తెరిచారు.

సప్లిమెంటరీకి అదే ఎక్స్‌టర్నల్ వచ్చారు. అవే బిస్కెట్లు. ఈసారి అందరూ పాస్.

అయినా ఆ ఏడాది అడ్మిషన్లు తగ్గాయి. గ్రూపు ఉంటుందో పోతుందో తెలియదు.

అప్పుడే తూప్రాన్ వైపు ఒక మందుల కంపెనీ పిల్లల్ని ఇంటర్వ్యూకు పిలిచింది. మార్కుల మెమోలు పక్కన పెట్టి, బ్యూరెట్ చేతికిచ్చి టైట్రేషన్ ప్రయోగం చేయమన్నారు.

మన పిల్లలు చేశారు. స్వప్నతో సహా ఉద్యోగాలతో తిరిగొచ్చారు. గ్రూపు ఎత్తేసే మాట నాకు మళ్లీ వినిపించలేదు.

ఉన్నత విద్య మారితేనే దేశం బాగుపడుతుందని చెప్పే సెమినార్లు చాలా కవర్ చేశాను. మారడం కళ్లారా చూసింది మాత్రం మెదక్‌లో, ఆ ల్యాబ్‌లో.

కొన్నాళ్లు కంపెనీలో చేసి, స్వప్న ఇప్పుడు అదే కాలేజీలో లెక్చరర్. ఇవాళ అక్కడ ప్రాక్టికల్స్. మధ్యాహ్నం ఫోన్ చేసి, ఎట్లా జరుగుతున్నాయని అడిగాను.



"నడుస్తున్నయ్ సార్. ఎక్స్‌టర్నల్ సార్‌కు చాయ్, రెండు బిస్కెట్లు ఇచ్చినం."

మేడం, మీ ల్యాబ్ తెరిచే ఉంది. ఇక మీరు నిశ్చింతగా నిద్రపోండి.