మెట్ల మీద కత్తియుద్ధం

కోలారు బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లో ఎక్కిన బస్సులో టీవీ ఉంది. పాత కత్తియుద్ధం సినిమా వేశారు. కోట మెట్ల మీద హీరో, విలన్ కత్తులు దూసేసరికి నా పక్కనున్న ముసలాయన లేచి నిలబడ్డాడు. కూర్చున్నాడు. మళ్ళీ లేచాడు. ప్రతిసారీ ఆయన మోచేయి నాకే తగిలింది.

"పెద్దాయనా, దిగుతారా, కూర్చుంటారా?" అన్నాను విసుగ్గా.

"మైన్స్‌లో పని చేసినోణ్ణప్పా. టాకీసులో కత్తియుద్ధం మొదలయ్యే వేళకే షిఫ్టు సైరన్ కూసేది. లేచి పరిగెత్తేవాళ్ళం. ఇంగ మైన్స్ మూసేసినా కాళ్ళు నిలవవు."

"అయితే ఆఖరు ఎప్పుడూ చూడలేదా?"

"సెలవు దినం మా జతగాడు చూసొచ్చి, మర్నాడు గని లోపల పార తిప్పి ఆడి చూపించేటోడు. కొట్లాడి కొట్లాడి అలిసిపోయి, ఇద్దరూ కత్తులు కింద పెట్టి, ఆ మెట్ల మీదే కూర్చొని నీళ్ళు తాగుతారంట. యా సినిమా అయినా అంతే."

"బేతమంగళ!" అని కండక్టర్ అరిచాడు. ఆయన దిగాల్సింది అక్కడే. లేచినవాడు తెర చూస్తూ మళ్ళీ కూర్చుండిపోయాడు. బస్సు కదిలింది. హీరో కత్తి విలన్ గుండెల్లో దిగింది.

"చంపేసినాడే!"

ముసలాయన సంచి చంకన పెట్టుకుంటూ, "గని లోపల చావు మాట ఎత్తకూడదప్పా. అందుకే మా జతగాడు అట్ల చెప్పినాడు," అన్నాడు.

బస్సు ఆపించి దిగి, వచ్చిన దారినే వెనక్కి నడిచాడు.

మా పిల్లలకు కత్తుల కథ చెప్పేటప్పుడు ఇప్పుడు నేనూ చివర్లో ఇద్దరినీ మెట్ల మీద కూర్చోబెట్టి నీళ్ళు తాగిస్తున్నాను.