రాహుకాలంలోపు డిస్క్ చెక్

మా ఆయన రవీంద్రనాథ్‌కి దేవుడి మీద ఎంత నమ్మకమో చెప్పలేను గానీ, ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే కంప్యూటర్ పరీక్షల మీద మాత్రం అంతులేని నమ్మకం. లాక్‌డౌన్ వచ్చి ఆఫీసువాళ్ళు ఇంటినుంచే పనిచేయమన్న రోజు మొదలు, పొద్దున్నే కాఫీ గ్లాసుతో మా ఇంటి కంప్యూటర్ ముందు కూర్చునేవారు. ఒక సైటు తెరిచి బటన్ నొక్కితే, బయటివాళ్ళు మా కంప్యూటర్‌లోకి దూరే సందులేమైనా ఉన్నాయేమో అది వెతికి చెబుతుంది. అన్నీ పచ్చరంగులో వస్తే ఆయన మొహం వెలిగిపోయేది. తరవాత ఇంకో సైటు, డిస్క్ ఆరోగ్యం చెప్పేది. ఆ తరవాత మరొకటి, డిస్క్‌లోని చెత్త ఊడ్చేది. వంటింట్లో నిండిపోయిన బయోమ్యుల్, అదే తడిచెత్త డబ్బా కిందికి తీసుకెళ్ళమంటే మాత్రం ఆయనకి ఎప్పుడూ మీటింగే.

అక్కడితో ఆగితే నేనూ ఊరుకునేదాన్ని. మేముండే ఈ జర్మనీలోనే వోల్ఫ్స్‌బర్గ్‌లో ఆయన స్నేహితుడు తిరుపతయ్య ఉన్నారు. ఇద్దరూ కలిసి లాక్‌డౌన్‌లో ఒక వాట్సాప్ గ్రూపు పెట్టారు. జర్మనీలో ఉన్న మనవాళ్ళ కంప్యూటర్లన్నీ ఒకరివి ఒకరు దూరంనుంచే బాగుచేసుకోవడం దాని పని. అందుకు ప్రతి ఇంట్లోనూ ఒక ప్రోగ్రాం ఎక్కించుకోవాలి. అందరికీ పాస్‌వర్డ్ ఒక్కటే. అది గ్రూపులో అందరికీ కనబడేలా పైనే అతికించి ఉంది.

"ఏమండీ, రోజూ దొంగలు రాకుండా పరీక్షలు చేస్తారు, తాళంచెవి ఊరంతా పంచిపెట్టారేంటి?" అని అడిగాను ఒకసారి.

"ఊరంతా ఏంటి గిరిజా, మనోళ్ళేగా!" అన్నారు.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఆ మనోళ్ళ సంగతి అలా ఉంచితే, ఈయన మాత్రం తక్కువా? నాకొచ్చే మెయిళ్ళన్నీ ఈయనే ముందు తెరిచేవారు, వైరస్ ఉందేమో చూస్తానని. నేను కిందామీదా పడి చదివి జర్మన్ పరీక్ష పాసయ్యానని నాకు ఎలా తెలిసిందనుకున్నారు? తిరుపతయ్య ఫోన్ చేసి "వదినా, కంగ్రాట్స్! స్వీట్లెప్పుడు?" అంటే తెలిసింది. స్టవ్ మీద పప్పు మాడిపోయేదాకా అలాగే నిలబడిపోయాను. నా కష్టానికి ఫలితం, ఊరందరి తరవాత నాకు!

తెనాలిలో నేను చిన్నపిల్లల బడిలో టీచర్ని. ఇక్కడికొచ్చాక ఈషా పుట్టింది, భాష రాలేదు, ఇంట్లోనే ఉండిపోయాను. భాష వచ్చాక మా వీధి చివరనున్న కీటాలో, అదే ఇక్కడి చిన్నపిల్లల బడిలో, సహాయకురాలి ఉద్యోగానికి రాశాను. ఆ చలికాలం అన్నీ మూసేసి ఉన్నాయి కాబట్టి ఇంటర్వ్యూ వీడియోలో. శుక్రవారం పొద్దున పది గంటలకి టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, ఇచ్చారు. ఆ ఉద్యోగం నాకు ఎంత కావాలో మాటల్లో చెప్పలేను. ఇంట్లో అందరికీ ఒక పని ఉంది, నాకు మాత్రం అందరి పనీ ఉంది.

ఆయన ఆఫీసు లాప్‌టాప్ ఇంకొకరు ముట్టుకోకూడదని రూలు. ఇంటి కంప్యూటరే గతి. "శుక్రవారం పొద్దున దాని జోలికి రాకండి," అని వారం ముందునుంచీ నూరిపోశాను. ఆయన బుద్ధిగా తలూపారు. ఆ మాట తిరుపతయ్యకి చెప్పాలని ఆయనకీ తట్టలేదు, నాకూ తట్టలేదు.

శుక్రవారం ఇస్త్రీ చీర కట్టుకుని కూర్చున్నాను. కీటా నడిపే ఆవిడ ఫ్రావ్ హెల్విగ్, అంటే శ్రీమతి హెల్విగ్. నవ్వుమొహం. "ఏడుపు ఆపని పిల్లాడిని మీరైతే ఏం చేస్తారు?" అని అడిగింది. నాకు ప్రాణం లేచొచ్చింది. దీనికి జవాబు నాకు జర్మన్‌లోనే కాదు, నిద్రలో కూడా తెలుసు. "ముందు వాడి పక్కన కింద కూర్చుంటాను," అని మొదలుపెట్టాను.

తెర నల్లబడిపోయింది.

మళ్ళీ వెలిగేసరికి ఫ్రావ్ హెల్విగ్ లేదు. నల్లటి తెర మీద తెల్ల అక్షరాలు. డిస్క్ పరీక్ష జరుగుతోందట, కంప్యూటర్ ఆపకూడదట. పక్కగదిలో ఆన్‌లైన్ క్లాసులో ఉన్న ఈషా తొంగిచూసి "అమ్మా, కపుట్? పాడైందా?" అని అడిగి, నా మొహం చూసి వెళ్ళిపోయింది.

"ఏమండీ!" అని అరిచాను. ఆయన చెవుల్లో మీటింగ్‌తో పరుగెత్తుకొచ్చారు. తెర చూడగానే మొహం పాలిపోయింది. "నేను కాదు గిరిజా, ఒట్టు!" అంటూ తిరుపతయ్యకి ఫోన్ కలిపి స్పీకర్ పెట్టారు.

"అన్నా, షురూ అయిందా?" అన్నారు తిరుపతయ్య ఉత్సాహంగా. "నీ డిస్క్ ఖరాబ్ అయితాందని ఆ సైట్ల ఎర్రగ చూపెట్టింది గదా. ఇయ్యాల శుక్రవారం, పదిన్నరకు రాహుకాలం. అండ్ల షురూ చేస్తే డిస్క్ దక్కదని, జర ముందుగాలనే రీస్టార్ట్ కొట్టిన."

ఆయన చేతిలోంచి ఫోన్ లాక్కున్నాను.

"తిరుపతయ్యగారూ, మీ పంచాంగంలో నా ఇంటర్వ్యూ లేదా?"

"అయ్యో వదినా, ఇంటర్వ్యూనా? నాకు ఎవ్వలు చెప్పలే!"

ఫోన్‌లోనైనా మాట్లాడదామని నా ఫోన్‌లో ఆ వీడియో యాప్ తెరిచాను. లోపలికి పోవాలంటే మెయిల్‌కొచ్చే కోడ్ కావాలట. నా ఫోన్‌లో మెయిల్ ఉంటే ప్రమాదమని తీసేయించింది మా ఆయనే. ఆ మెయిల్ తెరుచుకునేది ఈ కంప్యూటర్‌లోనే. అది డిస్క్ చూసుకుంటోంది. నా తల ప్రాణం తోకకొచ్చింది.

చివరికి కీటా ఆఫీసుకి మామూలు ఫోన్ చేశాను. నా జర్మన్ తడబడింది, అయినా కంప్యూటర్ దానంతట అదే ఆగిపోయిందని చెప్పాను. ఆ ఉద్యోగానికి ఇంకా కొందరున్నారనీ, సోమవారంతో ఇంటర్వ్యూలు అయిపోతాయనీ, ఆ రోజు పొద్దున ఒక్కసారి చూద్దామనీ ఫ్రావ్ హెల్విగ్ అంది. ఆ ఫోన్ పెట్టేసి ఏడ్చాను. కోపంతోనే ఏడ్చాను.

శనివారం మా ఆయన పాపం ఉప్మా చేశారు. తిని, కంప్యూటర్ ముందు నేను కూర్చున్నాను. దూరంనుంచి దూరే ఆ ప్రోగ్రాం తీసేశాను. ఎలాగో తెలియక చాలాసేపు పట్టింది. ఆయన సాయం చేయబోతే "మీరు బయోమ్యుల్ పెట్టిరండి," అన్నాను. ఆయన తిరిగొచ్చేసరికి కంప్యూటర్‌కి కొత్త పాస్‌వర్డ్ పెట్టడం అయిపోయింది. ఆయన ఈషా పేరు కొట్టి చూశారు. మా పెళ్ళిరోజు కొట్టారు. నా పుట్టినరోజు కొట్టారు. నిజం చెప్పాలంటే అది ఆయనకి గుర్తున్నందుకు కాస్త మెత్తబడ్డాను. కానీ చెప్పలేదు.

"నాకు కూడా చెప్పవా?" అన్నారు. నిజంగానే నొచ్చుకున్నారు. "నేను బయటివాడినా?"

"బయటివాళ్ళెవరూ ఇంతవరకూ నాకేం చేయలేదండీ," అన్నాను.

సోమవారం ఆయన హాలు తలుపు బయట కాపలా కూర్చున్నారు. ఆఫీసు మీటింగ్ కూడా గుసగుసగానే కానిచ్చారు. ఫ్రావ్ హెల్విగ్ "ఏడుపు దగ్గర ఆగాం కదా," అంది. అక్కడినుంచే అందుకున్నాను, ఎక్కడా ఆగలేదు.

మూడు రోజులు కంప్యూటర్ చుట్టూ తిరిగాను. గురువారం పప్పు పోపు పెడుతుంటే హాల్లోంచి కంప్యూటర్ చప్పుడు, వెంటనే ఆయన కేక. "గిరిజా! మెయిల్ వచ్చినట్టుంది! పాస్‌వర్డ్ చెప్పు, తెరుస్తా!"

స్టవ్ ఆపాను. చెయ్యి తుడుచుకుని వెళ్ళి, ఆయన్ని కుర్చీలోంచి లేపాను. నేను పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు ఆయన తనంతట తనే గోడవైపు తిరిగి నిలబడ్డారు.

మెయిల్ కీటా నుంచే. మొదటిసారి చదివితే అర్థంకాలేదు. రెండోసారి మెల్లగా, ఒక్కో మాటా చదివాను. ఆయన గోడకేసి చూస్తూనే "ఏమైంది? గిరిజా, ఏమైంది?" అంటున్నారు.

వెంటనే చెప్పలేదు. ఒక్క నిమిషం ఆ సంగతి ఈ లోకంలో నాకొక్కదానికే తెలియాలనిపించింది. ఆ నిమిషం అయ్యాక ఆయన్ని ఇటు తిప్పి చెప్పాను, మార్చి నుంచి రమ్మన్నారని.