రాకాసి పూస

పొద్దున్నే పేపర్లో ఒక రాళ్ళకుప్ప ఫోటో వేశారు. అనంతసాగరం దారిలో మిట్ట మీద ఉన్న వేల ఏళ్ళనాటి సమాధి అట. కళ్ళద్దాలు సవరించుకుని చూసి, ఇంకా ఉన్నావుటే తల్లీ, అనుకున్నాను. ఆమె నాకు సవతి. నవ్వకండి, మొత్తం వినండి.

డెబ్బైలలో నెల్లూరు నుంచి ఆత్మకూరుకు కాపురానికి వచ్చాను. మా ఆయన హైస్కూల్లో సోషల్ మాస్టరు. ఆదివారమైనా ఇంటిపట్టున ఉంటారనుకుంటే, చద్దన్నం తిని సైకిలెక్కేవారు. ఎక్కడికంటే, "ఊరికే, అట్లా" అనేవారు. నా కుట్టుమిషను టేపు కూడా కనపడకుండా పోయింది. ఎదురింటి బీబీ, బస్సు డ్రైవరు భార్య, ఒకరోజు బియ్యం చెరుగుతూ చల్లగా చెప్పింది: "మీ సారు ఆదివారమొస్తే రాకాసి కాడనే ఉంటాడు మా. మా ఇంటాయన బస్సులోంచి చూసినాడు." ఆ మిట్టమీది రాళ్ళకుప్పల్ని రాకాసి గుళ్ళు అంటారనీ, మాటల్లో ఉత్త రాకాసి అని తేల్చేస్తారనీ నాకేం తెలుసు? నాకు తెలిసిన రాకాసి అంటే నోరున్న ఆడది. ఒళ్ళు మండిపోయింది. ఆమె లావా, సన్నమా, చీర ఎట్లా కడుతుంది అని వారమంతా ఆలోచించి, కూరల్లో ఉప్పు మరిచాను.

మరుసటి ఆదివారం ఆయన వెళ్ళగానే అనంతసాగరం బస్సెక్కి మిట్ట దగ్గర దిగాను. గుండ్రంగా పాతిన బండల మధ్య పెద్ద రాళ్ళకుప్ప. దాన్ని నా టేపుతో కొలుస్తున్నారు మా ఆయన.

"ఎక్కడుంది ఆ రాకాసి?" అన్నాను.

"దీని కిందనే ఉండాది," అన్నారు సంబరంగా. వానకు కోసుకుపోయిన పక్కనుంచి నల్లటి కుండపెంకు, ఒక ఎర్రటి పూస తీసి చూపించారు. "పూసలుండాయంటే ఆడమనిషే అయ్యుండాల. ఒక్క మనిషి కోసం ఇన్ని బండలు మోసినారు చూడు!"

ఆ ముఖంలో అంత వెలుగు మా పెళ్ళిపీటల మీద కూడా నేను చూడలేదు. "ఆ పూస నాకివ్వండి," అన్నాను.

ఆయన గబుక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నారు. "అది ఆమెది," అని, మళ్ళీ మట్టిలోనే పెట్టి పైన రాయి కప్పారు. బతికున్న ఆడదైతే జుట్టు పట్టుకునేదాన్ని. ఈవిడతో ఏమని తగువు పడను?

వారమంతా నేను మాట్లాడకపోతే, ఆయన అనుమసముద్రంపేట వెళ్ళి దర్గా దగ్గరి అంగట్లో గాజుపూసల దండ తెచ్చారు. అది రెండు నెలలకే తెగి మంచం కిందికి దొర్లిపోయింది. ఇప్పుడు ఆయనా లేరు. నా జుట్టంతా నెరిసింది గానీ, ఆమె మీద నా కుళ్ళుకు మాత్రం ఇంతవరకు వయసు మీదపడలేదు.